పెట్టెలో పడుకున్న మనిషి

పోయిన వారం మోరీన్ డ్రమ్‌గూల్‌ని చానెల్ ఆఫీసులో, లిఫ్టు ముందు నిలబెట్టి వదిలాం. ‘పోటునీరు’ సీరియల్‌ని ఇరవై రెండేళ్ళుగా నడిపిస్తున్నది ఆమే. నిర్మాత ఆమే, దర్శకురాలూ ఆమే. చూసేవాళ్ళు తగ్గిపోతున్నారని పెద్దలు ముఖం చిట్లిస్తున్న సమయంలో, ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు చానెల్లో పైమెట్టు ఎక్కిన ఏడ్రియన్ ప్రౌస్ ఆమెకో దారి చూపించాడు. ఒక పెద్ద చావు కావాలి. దేశమంతా టీవీ ముందు కూర్చుని ఏడ్చే చావు. శుక్రవారం సాయంత్రానికి ఆ అంత్యక్రియలు తీసి చూపిస్తే చానెల్లో నాటకాల విభాగం మొత్తం మోరీన్ చేతికి వస్తుంది. తీయకపోతే సీరియల్ ఆగిపోతుంది, ఆమె ఇంటికి పోతుంది. “ఎవరు పోవాలో మీరే చెప్పండి,” అన్నాడు ఏడ్రియన్. లిఫ్టు పైకి వచ్చేలోపే ఆమె పేరు చెప్పేసింది.

తీపెనే హెరెవిని.

ఈ రోజు శుక్రవారం.

పశ్చిమ ఆక్లాండ్‌లో ఒకప్పుడు ఆపిల్ పళ్ళు దాచిన గిడ్డంగే ఇప్పుడు ‘పోటునీరు’ స్టూడియో. పైకప్పు రేకులది. వాన పడితే మాటలు రికార్డు కావు, అందరూ చేతులు కట్టుకుని ఆకాశం దయ కోసం కూర్చోవాలి. పొద్దుటి నుంచి కురిసి ఆగి, కురిసి ఆగి, మధ్యాహ్నానికి కాస్త తెరిపి ఇచ్చింది. లోపల మావోరీల మరాయె, అంటే ఊరందరి సభాఇల్లు, సెట్‌గా వేసి ఉంది. నేలమీద చాపలు, గోడలకి పోయినవాళ్ళ ఫొటోలు, ఏడ్చే ఆడవాళ్ళ తలలకి పచ్చి ఆకుల దండలు. నడుమ మూత తీసిన శవపేటిక, ఖాళీగా.

తీపెనే నల్లకోటు వేసుకుని, ఒక చేతిలో నీళ్ళ గిన్నె, ఇంకో చేతిలో గుడ్డలో చుట్టిన రొట్టెతో లోపలికి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. సీరియల్లో ఆయన పాత్ర పేరు కోరో, అంటే తాత. సెట్ మీదా అందరికీ కోరోనే, కూరగాయల కొట్లో కూడా కోరోనే. మోరీన్ అయితే ఏ నటుణ్ణీ సొంత పేరుతో పిలవదు. పాత్ర పేరుతో పిలిస్తే పాత్ర వస్తుంది, మనిషి పేరుతో పిలిస్తే మనిషి వచ్చి మోకాళ్ళ నొప్పులంటాడు అని ఆమె లెక్క.

ఆ నీళ్ళకీ రొట్టెకీ ఒక కథ ఉంది. కథలో చనిపోయి పేటికలో పడుకునే వాళ్ళకి తీపెనే ముందుగా ప్రార్థన చేస్తాడు. పని అయ్యాక వాళ్ళ మీద నీళ్ళు చల్లి, సొంత పేరు పెట్టి, ఎవరి బిడ్డో, ఏ ఊరివాడో చెప్పి, బతికున్నవాళ్ళ దగ్గరికి రమ్మని పిలుస్తాడు. లేచాక రొట్టె తుంచి పెట్టి, తనూ ఒక ముక్క తింటాడు. పిలుపు అందేదాకా పడుకున్నవాళ్ళు కళ్ళు తెరవరు, మాట్లాడరు. మా మావోరీ వాళ్ళంతా ఇలాగే చేస్తారని కాదు. ఈ సెట్ మీద ఆయన నిలబెట్టిన పద్ధతి ఇది. ఇరవై రెండేళ్ళలో ఎంతమందిని లేపాడో ఆయనకే తెలియదు.

ఈ రోజు పోయింది కోరో వాళ్ళ అన్న అని ఆయనకి ఇచ్చిన పేజీల్లో ఉంది. పడవ మునిగి పోయాడట. పేటిక పక్కన నిలబడి వీడ్కోలు మాటలు చెప్పాలి. వారం రోజులుగా సముద్రపు ఒడ్డున నడుస్తూ ఆ మాటలు కంఠతా పట్టాడు.

“లగీ, ఎవరమ్మా పడుకునేది?”

లగి సమోవా అమ్మాయి. ఫ్లోర్ మేనేజరు. పైన కంట్రోల్ రూమ్‌లో మోరీన్ చెప్పేది చెవిలో విని, కింద అందరితో చేయించే పని ఆమెది. పొద్దుటి నుంచి ఆమెకి సంగతి తెలుసు. చెవిఫోను సర్దుకుంటున్నట్టు తల వంచింది.

“వస్తారు తాతా.”

“త్వరగా పిలువు, ముందు నాలుగు మాటలు చెప్పాలి. పోయినసారి పడుకున్నవాడు గురక పెట్టాడు. శవం గురక పెడుతుంటే ఏడవలేక నేను చచ్చాను.”

మామూలుగా అయితే కెమెరావాళ్ళు పగలబడి నవ్వేవాళ్ళు. ఈ రోజు ఎవరి కెమెరాని వాళ్ళు తుడుచుకుంటున్నారు.

“ఏంట్రా, నిజంగానే ఎవరైనా పోయారా?” అన్నాడు తీపెనే.

పైన కంట్రోల్ రూమ్‌లో తెరల ముందు కూర్చున్న మోరీన్ మైకు బొత్తాం నొక్కింది. వెనక కుర్చీలో ఏడ్రియన్ కాలు మీద కాలు వేసుకుని చూస్తున్నాడు.

“ఒకటీ, కోరో ముఖం మీదకి రా. ఇంకా దగ్గరికి. నేను చెప్పేదాకా ఆపొద్దు.”

ఒకటో కెమెరా నెత్తిన, తీస్తున్నట్టు గుర్తుగా, ఎర్ర దీపం వెలిగింది. అప్పుడామె ఇంకో బొత్తాం నొక్కింది. అది సెట్ మీది స్పీకరుది. కింద ఉన్న అరవై మందీ వింటారు.

“కోరో, పేజీలు మార్చాం. పోయింది మీ అన్న కాదు.”

“మరి?”

“మీరే.”

గిన్నెలో నీళ్ళు తొణికి ఆయన చేతి మీద పడ్డాయి. తీపెనే పేటిక వంక చూశాడు. కొత్త బూట్లు తనకి సరిపోతాయా లేదా అని చూసుకునే మనిషిలా చూశాడు. తర్వాత మెల్లగా తలెత్తి కంట్రోల్ రూమ్ అద్దం వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఎవరో తలుపు కొట్టారు, తెరిస్తే ఎవరూ లేరు, అలాంటి చూపు.

“ఉంచు... ఉంచు... అదీ! గుండె పట్టుకుని కూలిపోయే ముక్కకి ఇది సరిగ్గా సరిపోతుంది. కట్,” అంది మోరీన్.

“ముందే చెప్పి ఉండాల్సింది కదా?” అన్నాడు ఏడ్రియన్.

“ముందే చెబితే నటించేవాడు.”

ఏడ్రియన్ చిన్నగా ఈల వేశాడు. “ఇది రాసి పెట్టుకోవాలి మోరీన్.”

“రాసుకుంటే ఏమొస్తుంది? చూసి నేర్చుకో.”

కింద తీపెనే గిన్నె చాప మీద పెట్టి, తడిసిన చెయ్యి కోటుకి తుడుచుకున్నాడు.

“ఇన్నేళ్ళ తర్వాత ఇలాగా, అమ్మాయ్? ఒక ఫోను చేస్తే ఏం పోయేది? నేనేమైనా అరిచేవాణ్ణా?”

మోరీన్‌కి యాభై ఎనిమిదేళ్ళు. ఆమెని ఇప్పటికీ అమ్మాయ్ అనేది ఆయనొక్కడే.

“మళ్ళీ వాన వచ్చేలా ఉంది కోరో. పడుకుంటారా?” అంది స్పీకరు.

“పడుకుంటాను. నాకు చేతనయింది ఈ పని ఒక్కటే. కానీ అందర్నీ లేపింది నేనే కదా. మరి నన్ను లేపేదెవరు?”

ఈ ప్రశ్న మోరీన్‌కే కాదు, పొద్దుటి నుంచి విషయం తెలిసి నోరు కట్టుకు తిరుగుతున్న ఎవరికీ తట్టలేదు.

“మీ మరాయె నుంచి పెద్దవాళ్ళనెవరినైనా పిలిపించనా తాతా?” అంది లగి.

“అంత దూరం హొకియాంగా నుంచి ఎప్పుడొస్తారమ్మా? చీకటి పడిపోతుంది.”

“నీళ్ళేగా లగీ,” అంది మోరీన్ గొంతు. “ఎవరు చల్లితే ఏమిటి?”

నీళ్ళు ఎవరు చల్లితే ఏమిటి? నిజంగానే నాకూ తెలియదు. దేవుడికి ఇలాంటి లెక్కలుంటాయో లేదో కూడా తెలియదు. కానీ పేటికలోంచి లేచిన ప్రతి మనిషికీ ఆ రొట్టె ముక్క నోట్లో పడ్డాక ముఖంలోకి రక్తం రావడం మాత్రం ఈ సెట్ మీద అందరూ చూశారు.

తీపెనే బూట్లు విప్పి, తన ప్రార్థన తనే నోట్లో చెప్పుకుని, పేటికలో పడుకున్నాడు. కళ్ళు మూసుకునే ముందు లగి చేతికి రొట్టె ఇచ్చి, “ఆరిపోకుండా చూడు,” అన్నాడు.

*

“బాగుంది. ఇంకోసారి.”

ఈ రెండు ముక్కలూ మోరీన్‌వి. టీవీ పనివాళ్ళలో ఈ మాట తెలియని వాళ్ళు లేరు. ఒక కెమెరామన్ పెళ్ళిలో, ఇక ముద్దు పెట్టుకోవచ్చని పాస్టరుగారు అనగానే వెనక బల్లల నుంచి ఎవరో “బాగుంది, ఇంకోసారి,” అంటే పెళ్ళికూతురు కూడా నవ్వాపుకోలేకపోయింది. బాగున్నదాన్ని మళ్ళీ అడగడమే ఆమె పైకొచ్చిన దారి. హొకిటిక అనే చిన్న ఊరి నుంచి టైపు కొట్టే ఉద్యోగానికి వచ్చిన పిల్ల పిల్లల కార్యక్రమాలు తీసింది, సబ్బుల ప్రకటనలు తీసింది, ఎన్నికల ఫలితాల రాత్రి ప్రసారాలు నడిపింది. ఒక్కో మెట్టు మీద ఎవరో ఒకరు మిగిలిపోయారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

అయితే నాటకాల వైపు మొదటి మెట్టు తీపెనే వేసినదే. ‘పోటునీరు’ మొదలైన వారంలో ఒక రోజు దర్శకుడు తాగి రాలేదు. షూటింగు ఆపేస్తామన్నారు చానెల్‌వాళ్ళు. అప్పటికే పేరున్న నటుడు తీపెనే సెట్ మీద నేలకి చతికిలబడి, “ఆ మూల కూర్చుని అన్నీ చూస్తుందే, ఆ అమ్మాయి చెబితే నటిస్తాను. లేదంటే మా ఇంటికి పోతాను,” అన్నాడు. ఆ రోజు దర్శకుడి కుర్చీలో కూర్చున్న మోరీన్ మళ్ళీ లేవలేదు. ఈ సంగతి ఆమె ఒక్క ఇంటర్వ్యూలోనూ చెప్పలేదు.

ఇప్పుడు ఆయన పేటికలో ఉన్నాడు, ఆమె ఆ కుర్చీలో ఉంది.

“బాగుంది. ఇంకోసారి. ఆకుల దండ ఆవిడ, మీరు చేతి మీద కాదు, గుండె మీద పడి ఏడవండి.”

ఆవిడ గుండె మీద పడి ఏడ్చింది. ఇంకోసారి. ఈగ వచ్చి తీపెనే ముక్కు మీద వాలింది. ఆయన కదల్లేదు. ఇంకోసారి. రేకుల మీద వాన. అందరూ ఆగారు, తీపెనే మాత్రం లేవకుండా అలాగే ఉన్నాడు. వాన ఆగింది. ఇంకోసారి. చివరికి ఆకుల దండ ఆవిడకి కన్నీళ్ళు ఆగక, కట్ చెప్పినా ఏడుస్తూనే ఉంది.

“అయిపోయింది,” అంది మోరీన్. “కోరో, లేవండి. రేవు దగ్గర మీరు చెయ్యి ఊపే ముక్క ఒకటి మిగిలింది. అది తీసి పంపించేస్తాను.”

ఆ ముక్క లేకపోతే ఈ అంత్యక్రియలు ఎందుకూ పనికిరావు. మనిషి చివరిసారి నవ్వుతూ కనిపించకపోతే ఎవరేడుస్తారు?

తీపెనే లేవలేదు.

“కోరో?”

కదలిక లేదు.

“కోరో!”

లగి పరుగెత్తి పేటిక మీదకి వంగింది. ఏదో చెప్పింది. నీళ్ళు చల్లింది. లేచి నిలబడి అద్దం వైపు తిరిగింది.

“ఊపిరి బాగానే ఉంది. మీరు పిలిచేది పోయినవాడి పేరు, మోరీన్. కోరో పోయాడు కదా. ఇందాక మీరే చంపారు.”

వెనకాల ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

“అయితే అసలు పేరుతో నువ్వు పిలువు.”

“పిలిచాను. కళ్ళు తెరవడం లేదు. నా పిలుపు కోసం కాదు ఆయన పడుకున్నది.”

మోరీన్ మెడ మీద ఎర్రగా పొడ వచ్చింది. సమ్మె చేస్తాడనుకుంది, పత్రికలకి ఫోను చేస్తాడనుకుంది. అన్నిటికీ జవాబు సిద్ధం చేసుకుంది. పడుకోమంటే పడుకున్న మనిషితో ఎలా పోట్లాడాలో మాత్రం అనుకోలేదు.

ఏడ్రియన్ గడియారం చూసుకున్నాడు. “పైవాళ్ళు నా ఫోను కోసం చూస్తున్నారు. తీశారనాలా, లేదనాలా?”

“పదే పది నిమిషాలు.”

“మీరే వెళ్ళి పిలవండి మోరీన్. ఇక్కడ నేను చూసుకుంటాను.” చాలా మర్యాదగా అన్నాడు. ఆమె వెళ్ళడానికి వీలుగా కుర్చీ కూడా వెనక్కి లాగాడు.

*

కంట్రోల్ రూమ్ నుంచి సెట్ మీదకి ఇనపమెట్లు. పని జరుగుతుండగా మోరీన్ ఆ మెట్లు దిగడం కొత్తవాళ్ళెవరూ చూడలేదు. అరవై మందీ పక్కకి జరిగి దారి ఇచ్చారు. చావు ఇంటికి ఆలస్యంగా వచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు ఇచ్చారు.

ఆమె పేటిక పక్కన నిలబడింది.

“ఏమిటిది? ఇంతమందిలో నా పరువు తీయాలనా?”

ఆయన ముఖం మీద మేకప్పువాళ్ళు పులిమిన బూడిదరంగు. తెర మీద సరిపోయింది. దగ్గర నుంచి చూస్తే భయం వేసింది.

“మీకు వేరే పని ఇప్పిస్తాను. రేపే మాట్లాడతాను. ఇప్పుడు లేవండి.”

ఆయన ఛాతీ మెల్లగా లేచి దిగుతోంది. అంతే.

“నేనేం చేయను చెప్పండి? మీరు కాకపోతే సీరియలే పోయేది. ఇంతమంది రోడ్డున పడేవాళ్ళు.” చుట్టూ చూసింది. ఆ ఇంతమందిలో ఒక్కరూ తల ఊపలేదు. “నేను... నేను కూడా పోయేదాన్ని.”

ఆ చివరి మాట ఆమె నోటి నుంచి చిన్నగా వచ్చింది. పొద్దుటి నుంచి ఆమె అన్నవాటిలో నిజం అదొక్కటే.

చాప మీద మోకాళ్ళు మోపి కూర్చుంది. కీళ్ళు పటపటమన్నాయి. లగి చేతిలోంచి గిన్నె తీసుకుంది. మాటల కోసం వెతుక్కోనక్కర్లేదు. పైన కూర్చుని, చెవిఫోనులో, ఇరవై రెండేళ్ళుగా విన్న మాటలే. ప్రతిసారీ, ఇదెప్పుడు అయిపోతుందా అని గడియారం చూసుకుంటూ విన్న మాటలే. అయినా ఒక్కటీ మరిచిపోలేదు.

నీళ్ళలో వేళ్ళు ముంచి ఆయన నుదుటి మీద చల్లింది. బూడిదరంగు చారలు కట్టింది.

“తీపెనే,” అంది. మళ్ళీ అంది. “తీపెనే హెరెవిని. హొకియాంగా ఒడ్డున పుట్టినవాడా. రోపాతా కొడుకా. నీ చావు నీది కాదు, కథది. దాన్ని ఇక్కడే వదిలెయ్. బతికున్నవాళ్ళ దగ్గరికి రా.”

ఆయన కళ్ళు తెరిచాడు.

తర్వాత చెయ్యి చాపాడు. ఆమె పట్టుకుని లేపింది. ఇద్దరూ ముసలివాళ్ళే, లేవడానికి ఇద్దరూ ఆయాసపడ్డారు. పేటిక అంచు మీద కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్నాడు.

“మా అమ్మ పేరు నీకెలా గుర్తుందే?”

“మీరే చెప్పారు. మొదటి రోజు. నేను ఆ కుర్చీలో వణుకుతుంటే పక్కన నిలబడి మీ అమ్మ కథలు చెప్పారు, నా వణుకు తగ్గేదాకా.”

“తగ్గిందా?”

“తగ్గింది.” ఆమె కళ్ళు నిండాయి. “తగ్గడం కాదు. మొత్తానికే పోయింది తీపెనే. ఇక దేనికీ వణకలేదు.”

లగి ముక్కు చీదుకుంటూ రొట్టె అందించింది. బంగాళాదుంప పులిపిండితో చేసిన రొట్టె, పైపెట్టు గట్టిగా, లోపల మెత్తగా. మోరీన్ తుంచి ఆయన నోటికి అందించింది. తనూ ఒక ముక్క తుంచుకుంది. పనిలోంచి తీసేసిన మనిషితో కూర్చుని ఆమె ఎప్పుడూ తినలేదు. ఎలా నమలాలో తెలియనట్టు నోట్లో పెట్టుకుంది.

“ఆకలేస్తోందా?”

“పోయినవాడికి ఆకలెక్కువ అమ్మాయ్.”

ఎవరో నవ్వారు. ఈసారి ఆపుకోలేదు. అరవై మందీ నవ్వారు. ఆకుల దండ ఆవిడ నవ్వుతూ మళ్ళీ ఏడ్చింది. తీపెనే కూడా నవ్వుతూ ఇంకో ముక్క కోసం చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆయన ఆమె భుజం మీదుగా చూస్తున్నాడు.

మోరీన్ వెనక్కి తిరిగింది. మూడో కెమెరా నెత్తిన ఎర్ర దీపం వెలుగుతోంది.

“అద్భుతం, మోరీన్.”

స్పీకరులో ఏడ్రియన్ గొంతు. ఎంత ప్రశాంతంగా ఉందో.

“బాగుంది. ఇంకోసారి. ఈసారి పేరు కొంచెం నెమ్మదిగా పిలువు. వాళ్ళమ్మ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగు. తీపెనే, మళ్ళీ పడుకో.”

తీపెనే ఆమె చేతిలోంచి తన చెయ్యి తీసుకున్నాడు. విసురుగా కాదు. అరువు తెచ్చుకున్న వస్తువు తిరిగి తీసుకున్నట్టు.

“నేను కాదు,” అంది మోరీన్. “దేవుడి తోడు, తీపెనే. నేను చెప్పలేదు.”

“నువ్వు చెప్పావా అని నేను అడగలేదు.” ఆయన మిగిలిన రొట్టెని గుడ్డలో చుట్టి ముడి వేశాడు. వేలాడుతున్న కాళ్ళలో ఒకటి ఎత్తి పేటికలో పెట్టాడు. “పడుకోమంటావా, వద్దంటావా? అది చెప్పు అమ్మాయ్. నువ్వు ఏది చెబితే అది చేస్తాను. మొదటి రోజు నుంచీ అంతేగా.”

మోరీన్ అద్దం వైపు చూసింది. కింద నుంచి చూస్తే లోపల ఎవరున్నారో తెలియదు. వెలుగు పడి అద్దం తెల్లగా మెరుస్తోంది, అంతే. అక్కడ ఇన్నేళ్ళు తను కూర్చుని ఉంటే వీళ్ళకి కనిపించింది ఇదేనా?

లగి చెవిలోంచి ఫోను పీకేసింది. కానీ ప్రయోజనం లేకపోయింది. ఏడ్రియన్ స్పీకరు ఆపడం మరిచాడో, అందరూ వినాలనే ఆపలేదో, అతని తరవాతి మాట సెట్ అంతా వినిపించింది.

“ఒకటీ, ఆవిడ ముఖం మీదకి రా. ఇంకా దగ్గరికి. నేను చెప్పేదాకా ఆపొద్దు.”

ఒకటో కెమెరా చప్పుడు లేకుండా ఆమె వైపు జరిగింది. దాని నెత్తిన కూడా ఎర్ర దీపం వెలిగింది.

మోరీన్ నోరు తెరిచింది.